జేబు చాకు: నెల్లూరు తీరంలో ఎంపిక, పరీక్ష, పోషణ

జేబు చాకు అంటే కీలు మీద తిరుగుతూ, పని అయ్యాక పిడిలోకి మడుచుకుపోయే చిన్న కత్తి. అంచు పిడిలోనే దాగి ఉంటుంది కాబట్టి ఒరతో పని లేదు. మడత చాకు అని కూడా అంటారు. వంటింట్లో కత్తిపీట, చేలో కొడవలి, బొండాల బండి మీద మచ్చుకత్తి దేని పని అది చేస్తాయి. జేబు చాకుకు కేటాయించిన పని ఏదీ లేదు. పురికొస తెంపడం, మేత బస్తా కుట్టు ఊడదీయడం, నిమ్మకాయ కోయడం, పడవ పంకాకు చుట్టుకున్న వల కోయడం, అట్టపెట్టె విప్పడం... రోజులో ఏది ఎదురైతే అదే దాని పని. అన్నిటికీ కొంచెం కొంచెం పనికివచ్చే వస్తువును ఎంచుకోవడం, ఒకే పనికి వాడే వస్తువును ఎంచుకోవడం కంటే కష్టం.

ఉత్తరాన రామాయపట్నం నుంచి జువ్వలదిన్నె, ఇస్కపల్లి, మైపాడు, కృష్ణపట్నం మీదుగా దక్షిణాన పులికాట్ సరస్సు దాకా సాగే తీరం ఈ వ్యాసానికి పరిధి. 2022 జిల్లాల పునర్విభజనలో పులికాట్ ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరినా, బతుకుతెరువు చూస్తే ఇదంతా ఒకే తీరం. సముద్రం మీద వేట, బకింగ్‌హామ్ కాలువ వెంట ఉప్పునీటి కయ్యలు, కండలేరు వాగు చుట్టూ రొయ్యల చెరువులు, ఇస్కపల్లిలో ఉప్పుమళ్ళు ఇక్కడి జీవనం. వీటన్నిటిలోనూ ఉన్నది ఉప్పే. చాకు విషయంలో ఆ ఉప్పే అన్నిటికంటే ముందు లెక్కలోకి వస్తుంది. అంచు మొద్దుబారితే సానరాయి మీద పది నిమిషాల్లో తిరిగి వస్తుంది. కీలులో ఉప్పు దిగి తుప్పు పట్టిన చాకు మాత్రం అవసరానికి తెరుచుకోదు, తెరుచుకున్నా లాకు సరిగా పడదు. అందువల్ల అంగట్లో చాకు చేతికి వచ్చినప్పుడు బొటనవేలు అంచు మీదికి వెళ్ళే ముందు కన్ను కీలు మీదికి వెళ్ళాలి.

తీరంలో చాకు చేసే పనులు

చాకు ఎలాంటిది కావాలో చెప్పాలంటే అది ఎవరి చేతిలో ఉంటుందో చూడాలి. పులికాట్ మీద, వాగుల్లో పట్టే మండపీతలను బతికుండగానే అమ్ముతారు. అవి ఒకదాన్నొకటి కొరుక్కోకుండా, పట్టుకున్నవారి వేలు నొక్కకుండా డెక్కలు కట్టేయాలి. పీత వీపును ఒక చేత్తో అదిమిపట్టి, డెక్కలు రెండూ ముందుకు మడిచి, తాడు అడ్డంగా చుట్టి ముడి బిగిస్తారు. మిగిలిన కొస తెంపేటప్పుడు మొదటి చెయ్యి పీతను వదలడానికి లేదు. చాకు తీయడం, తెరవడం, తెంపడం, మూయడం అన్నీ రెండో చేతి మీదే జరగాలి. ఆ చేతికి బురద, ఉప్పునీళ్ళు, పీత జిగురు అంటుకుని ఉంటాయి. బ్లేడు మీద ఉన్న గోటి గాడిలో గోరు పెట్టి రెండు చేతులతో లాగి తెరవాల్సిన చాకు ఈ పనికి సుఖం కాదు. దాన్ని ముందే తెరిచి పక్కన పెట్టుకుంటారు, అది పోయి బురదలో పడుతుంది.

రొయ్యల చెరువు గట్టు మీద అవసరం ఇంకో రకం. 1990ల్లో టైగర్ రొయ్యతో ఊపందుకున్న సాగు, ఆ దశాబ్దం మధ్యలో తెల్లమచ్చ వ్యాధికి దెబ్బతిని, 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక మళ్ళీ పుంజుకుంది. చెరువు దగ్గర రోజుకు కొన్నిసార్లు మేత వేస్తారు, చెక్‌ట్రేలు ఎత్తి చూస్తారు, ఏరియేటర్ల తాళ్ళు సరిచేస్తారు, పట్టుబడి రోజున ఐసు పెట్టెల కట్లు విప్పుతారు. మేత బస్తా మూతి గొలుసు కుట్టుతో కుట్టి ఉంటుంది. సరైన కొస దొరికితే ఒక్క లాగుకు మొత్తం ఊడి వస్తుంది, దొరక్కపోతే చాకుతో ఒక కుట్టు తెంపాలి. ఇక్కడ కావలసింది సన్నని మొన. బలమైన బ్లేడు అక్కర్లేదు.

పడవ మీద మొన ప్రమాదం. ఫైబర్ పడవ అలల మీద ఊగుతుంటే తెరిచిన చాకు మొన మనిషికీ తగలొచ్చు, వలకూ తగలొచ్చు. పాశ్చాత్య నావికులు మొన లేకుండా, వెన్ను ముందుకు వంగి తిన్నని అంచుతో కలిసే బ్లేడును వాడటానికి కారణం ఇదే. నైలాన్, పాలీప్రొపిలీన్ మోకులు నున్నగా జారిపోతాయి కాబట్టి వాటికి రంపపు పళ్ళ అంచు బాగా పనిచేస్తుంది. సాదా అంచు తడి మోకు మీద జారే వీలు ఎక్కువ.

అయితే ఒక మాట ఇక్కడే చెప్పాలి. వల దిగుతున్నప్పుడు తాడు కాలికి చుట్టుకుంటే తెంపుకోవడానికి ఉండాల్సింది మడత చాకు కాదు. అలాంటి క్షణంలో మనిషికి ఒకే చెయ్యి ఖాళీగా ఉంటుంది, కీలు వెతుక్కునే వ్యవధి ఉండదు. పడవలో అందరికీ తెలిసిన చోట, ఒరలో, తాడుతో కట్టి ఉంచిన మడవని కత్తి ఒకటి ఉండాలి. జేబు చాకు దానికి తోడుగా ఉండొచ్చు, దాని స్థానంలోకి రాకూడదు.

వేట, సాగు లేనివారికి, అంటే బడికి వెళ్ళే మాస్టారికో, బ్యాంకు ఉద్యోగికో, ఇంటి పని చూసుకునే ఇల్లాలికో, ఇంత పట్టింపు అవసరం లేదు. పొదలకూరు, గూడూరు నిమ్మ మార్కెట్లున్న ప్రాంతం ఇది. నిమ్మకాయ, మామిడికాయ, అట్టపెట్టె, మందుల స్ట్రిప్పు ఈ నాలుగూ కోయగలిగితే చాలు. ఏడు సెంటీమీటర్ల బ్లేడు ఆ పనులన్నీ చేస్తుంది.

ఉప్పు, ఉక్కు

సముద్రపు నీటిలో ఉప్పు సుమారు 3.5 శాతం. నీళ్ళలో పడని చాకుకు కూడా ఆ ఉప్పు అందుతుంది. కెరటం విరిగినప్పుడు లేచే తుంపర గాలిలో కలిసి లోపలికి వస్తుంది, ఆరిపోయి కనబడని పొరగా ఇనుము మీద కూర్చుంటుంది. వంట ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీటిని పీల్చుకుని తడిసిపోతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడు అయితే 33 శాతం తేమకే నీరవుతుంది. ఈ తీరంలో రాత్రుళ్ళూ తెల్లవారుజాముల్లోనూ తేమ అంతకంటే చాలా ఎక్కువ. ఈశాన్య రుతుపవనాలు వానలు తెచ్చే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పగలూ అంతే. కాబట్టి చాకు చూడటానికి పొడిగా ఉన్నా ఉప్పు పొర కింద ఉక్కు తడిగానే ఉంటుంది. చాకును జేబులో పెట్టుకున్నా తప్పించుకోలేం, చెమటలోనూ ఉప్పే ఉంది.

స్టెయిన్‌లెస్ అని చెక్కి ఉన్నంత మాత్రాన భరోసా లేదు. ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే ఆ పేరు వస్తుంది. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ పోత పోసిన, సుమారు 13 శాతం క్రోమియం ఉన్న ఉక్కు ఈ జాతికి ఆద్యుల్లో ఒకటి. క్రోమియం గాలిలోని ఆమ్లజనితో కలిసి అతి పల్చని పొర ఏర్పరుస్తుంది. గీరుకుపోయినా గాలి తగిలితే ఆ పొర తనంతట తానే మళ్ళీ పట్టుకుంటుంది. ఉప్పులోని క్లోరైడు చేసే పని ఆ పొరను అక్కడక్కడా ఛేదించడం. తుప్పు ఒళ్ళంతా పరుచుకోకుండా సూదిమొనంత గుంటలుగా లోపలికి దిగుతుంది. పైన చిన్న చుక్క కనిపిస్తుంది, కింద గుంట లోతుగా ఉంటుంది.

ఇక్కడ కొనేవారు గమనించాల్సిన మెలిక ఒకటి ఉంది. ఉక్కులో ఎంత క్రోమియం ఉందన్నది ఒక లెక్క, అందులో ఎంత కాపలాకు మిగిలిందన్నది మరో లెక్క. కత్తికి గట్టిదనం ఇచ్చే కర్బనం క్రోమియంతో కలిసి కార్బైడు అనే గట్టి రేణువులు కడుతుంది. అలా చిక్కిన క్రోమియం పొర కట్టడానికి రాదు. డి2 అనే పనిముట్ల ఉక్కులో సుమారు 12 శాతం క్రోమియం ఉన్నా, 1.5 శాతం కర్బనం దానిలో చాలా భాగాన్ని పట్టేస్తుంది, అందుకే అది తీరంలో మరకలు పడుతుంది. స్వీడన్‌లో పుట్టిన 12సి27లో క్రోమియం 13.5 శాతమే, కానీ కర్బనం 0.6 శాతం కాబట్టి ఉన్న క్రోమియంలో ఎక్కువ భాగం కాపలాకే మిగులుతుంది. లోహశాస్త్రవేత్త లారిన్ థామస్ రూపొందించగా 2021లో బయటికి వచ్చిన మాగ్నాకట్ ఉక్కు ఇదే సూత్రాన్ని చివరిదాకా తీసుకెళ్ళింది. దానిలో క్రోమియం 11 శాతం లోపే అయినా, కార్బైడులు కట్టే పనిని వనేడియం, నియోబియం మీద పెట్టి క్రోమియాన్ని దాదాపు పూర్తిగా విడిచిపెట్టారు. అంచు నిలవడం, తుప్పు ఆగడం రెండూ దానిలో కలిశాయి.

గుంటల తుప్పుకు ఉక్కు ఎంత తట్టుకుంటుందో అంచనా వేయడానికి లోహశాస్త్రంలో ఒక లెక్క వాడతారు. క్రోమియం శాతానికి మాలిబ్డినం శాతాన్ని 3.3తో, నత్రజని శాతాన్ని 16తో హెచ్చవేసి కలుపుతారు. నత్రజనికి ఎంత విలువ ఉందో దీంతోనే తెలుస్తోంది. కర్బనం తగ్గించి ఆ స్థానంలో నత్రజని ఎక్కించిన ఎల్‌సి200ఎన్ ఉక్కుకు ఈ లెక్కన 25 దరిదాపు వస్తుంది, 12సి27కు 13.5 మాత్రమే. అమెరికాలోని స్పైడర్కో కంపెనీ ఎల్‌సి200ఎన్‌తోనూ, జపాన్‌లో తయారైన హెచ్1 అనే మరో ఉక్కుతోనూ సముద్రం కోసమే చాకులు చేసింది. హెచ్1 తుప్పు పట్టదనే చెప్పొచ్చు, కానీ సాదా అంచు త్వరగా మెత్తబడుతుంది. దానికి రంపపు పళ్ళ అంచే మేలు. ఈ లెక్క కూడా కార్బైడులో చిక్కిన క్రోమియాన్ని తీసివేసి చూపదు కాబట్టి పై మాటతో కలిపే చదువుకోవాలి.

స్టెయిన్‌లెస్ కాని కర్బన ఉక్కు చాకుకు ఈ తీరంలో చోటు లేదా అంటే, ఇంట్లో ఉంది. సానకు సులువుగా లొంగుతుంది, పదును బాగా వస్తుంది. నిమ్మరసం తగిలితే బూడిదరంగు తిరుగుతుంది. పచ్చి మామిడి, అరటికాయ లాంటి వగరు కాయలు కోస్తే అంచు నల్లబడుతుంది, ముక్క మీద కూడా ఆ మరక పడుతుంది. కోసిన వెంటనే కడిగి తుడిచే అలవాటు ఉన్నవారికి ఆ నల్లటి పొర కొంత రక్షణే ఇస్తుంది. చెరువు గట్టు మీద అంత ఓపిక ఎవరికీ ఉండదు.

మన ధరల్లో, మన అంగళ్ళలో దొరికే వాటిలో మెత్తటి స్టెయిన్‌లెస్‌నే ఎంచుకోవడం మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. రాక్‌వెల్ సి కొలత మీద 55, 56 గట్టిదనం ఉండే స్విస్ చాకుల ఉక్కు ఆ కోవలోదే. త్వరగా మొద్దుబారుతుంది, ఇంట్లోని సానరాయి మీదే తిరిగి పదునెక్కుతుంది. 60 దాటిన గట్టి ఉక్కు నెలల తరబడి కోసినా, ఒకసారి మొద్దుబారాక సాధారణ రాయికి లొంగదు.

కీలు, లాకు

స్టెయిన్‌లెస్‌ను కాపాడే పొర నిలబడాలంటే గాలి ఆడాలి. కీలు లోపల బ్లేడుకూ వాషరుకూ మధ్య వెంట్రుకవాసి సందు మాత్రమే ఉంటుంది. ఉప్పునీరు ఆ సందులోకి సులువుగా పాకుతుంది, ఆమ్లజని మాత్రం లోపల అయిపోయాక మళ్ళీ అందదు. క్లోరైడు పోగుపడుతుంది, లోపలి నీరు ఆమ్లగుణానికి తిరుగుతుంది. పైన అద్దంలా మెరిసే చాకు కీలు దగ్గర మాత్రం గోధుమరంగు గీత వేస్తే అది ఈ సందు తుప్పే. బ్లేడు సగం తెరిచి వెలుతురుకు పెట్టి, మడమ (బ్లేడులో కీలు దగ్గరి చివర) చుట్టూ చూస్తే ఆ గీత కనబడుతుంది. పాత చాకు కొనేటప్పుడు మొదట చూడాల్సింది అక్కడే.

దీనికి విరుగుడు నిర్మాణంలోనే ఉండాలి. పిడి వెన్ను మూసుకుపోకుండా తెరిచి ఉంటే కుళాయి నీళ్ళు ఒకవైపు నుంచి పోసి మరోవైపు నుంచి బయటికి పంపవచ్చు. కీలు మేకు మరతో బిగించింది అయితే విప్పి శుభ్రం చేసుకోవచ్చు, రివిట్ కొట్టింది అయితే ఆ వీలు లేదు. బంతి బేరింగుల మీద జారే చాకులు ఇప్పుడు చౌకగా వస్తున్నాయి. చిటికెలో తెరుచుకుంటాయి, అంగట్లో చేతికి చాలా హాయిగా ఉంటాయి. మైపాడు ఇసుక రెండు రేణువులు లోపలికి పోతే ఆ హాయి పోతుంది. తీరానికి సాదా కంచు వాషరు గానీ నైలాన్ వాషరు గానీ చాలు. పిడి లోపల ఇత్తడి రేకు, పక్కనే ఉక్కు ఉంటే ఉప్పునీటిలో రెండు వేర్వేరు లోహాలు కలిసి ఉన్నట్లే. అప్పుడు కర్బన ఉక్కు అయితే దానికే నష్టం, ఇత్తడి మీద పచ్చని చిలుము అదనం.

లాకుల్లో రకాలు చాలా ఉన్నా మూడు నాలుగు తెలిస్తే సరిపోతుంది. లాకు లేని చాకులో వెన్ను స్ప్రింగు ఒక్కటే బ్లేడును నిలబెడుతుంది. కోసేటప్పుడు బలం అంచు వైపే పడుతుంది కాబట్టి మడుచుకోదు. పొడిచినా, వెన్ను మీద ఒత్తినా మడుచుకుని వేళ్ళ మీద పడుతుంది. వెన్ను లాకులో పిడి వెన్నున ఉన్న కడ్డీ వచ్చి బ్లేడు మడమలోని గాడిలో పడుతుంది. చాలా గట్టిది, కానీ ఆ గాడిలో బురద నిండితే కడ్డీ పూర్తిగా దిగదు. దిగినట్టే కనిపిస్తుంది, బరువు పడగానే జారుతుంది. రేకు లాకులో పిడి లోపలి రేకు పక్కకు వంగి మడమ వెనక నిలబడుతుంది. ఏం జరుగుతోందో కంటికి కనిపించడం దీని గుణం. ఆ రేకు పల్చగా ఉంటే పక్కకు తప్పుకోవడం దీని దోషం. ఇక ఫ్రెంచి ఓపినెల్ చాకుకు ఉన్నది ఉంగరం లాకు. కీలు చుట్టూ తొడిగిన ఉంగరాన్ని తిప్పితే బ్లేడు బిగుసుకుంటుంది. శుభ్రం చేయడానికి దీన్ని మించింది లేదు. దాని చిక్కు పిడితో వస్తుంది. బీచ్ అనే చెట్టు కర్రతో చేసిన పిడి తేమకు ఉబ్బి బ్లేడును బిగపట్టేస్తుంది, వానల నెలల్లో గోరుతో తెరవడం కష్టమవుతుంది.

పిడికి గాజునార కలిపిన నైలాన్, ఎపాక్సీలో గాజుబట్ట అతికిన పలకలు, టైటానియం మంచివి. వీటికి ఉప్పుతో గొడవ లేదు. కొమ్ము, ఎముక పిడులు అందంగా ఉంటాయి, ఎండకూ తడికీ పగుళ్ళు పడతాయి. పిడి చివర తాడు కట్టుకునే చిల్లు ఉండటం పడవ మీద తిరిగేవారికి తప్పనిసరి. నీళ్ళలో పడ్డ చాకు తిరిగి రాదు.

పుట్టుక, పెరుగుదల

మడత చాకు చాలా పాతది. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో దొరికిన ఎముక పిడి మడత చాకును క్రీ.పూ. 600–500 ప్రాంతానికి చెందినదిగా లెక్కిస్తారు. కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో చెంచా, ఫోర్కు, చాకు ఒకే పిడిలోకి మడుచుకునే రోమన్ కాలపు పనిముట్టు ఉంది. వెన్ను స్ప్రింగుతో నిలబడే చాకు 17వ శతాబ్దంలో షెఫీల్డ్‌లో స్థిరపడింది. జోసెఫ్ ఓపినెల్ 1890లో ఫ్రాన్స్‌లోని సవోయ్‌లో తన కర్ర పిడి చాకు మొదలుపెట్టాడు, ఉంగరం లాకు 1955లో వచ్చింది. కార్ల్ ఎల్‌సెనర్ 1891లో స్విస్ సైన్యానికి చాకులు అందించడం మొదలుపెట్టి, 1897లో అధికారుల చాకును నమోదు చేయించాడు. విక్టోరినాక్స్‌గా పేరుపొందినది ఆ సంస్థే. 1964 నాటి బక్ 110 చాకు వెన్ను లాకును జనంలోకి తెచ్చింది. 1981లో స్పైడర్కో బ్లేడుకు గుండ్రని చిల్లు, పిడికి జేబుకు తగిలించే క్లిప్పు పెట్టడంతో ఒంటి చేత్తో తెరవడం మామూలైపోయింది.

మన దేశంలో మడత చాకు అనగానే జనానికి గుర్తొచ్చేది ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్. హిందీ సినిమాలు ఆ చాకుకు రౌడీల చేతి వస్తువు అన్న ముద్ర వేశాయి. 2023 మార్చిలో ఆ ఊరు కూడలిలో ఆరు మీటర్ల పైచిలుకు పొడవున్న చాకు ప్రతిమ నిలబెట్టింది. గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో అంజార్ చాకులకూ అడకత్తెరలకూ పేరుపడ్డ ఊరు.

తెలుగు నేలకు ఉక్కు కొత్త కాదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు పర్షియా దాకా వెళ్ళి కత్తులైంది. జేబు చాకుకు మన దగ్గరి పూర్వరూపం మాత్రం ఆయుధాల్లో లేదు, రాతలో ఉంది. తాటాకు మీద రాసే గంటాన్నీ, ఆకు అంచులు కత్తిరించే చిన్న చాకునూ ఒకే పిడికి అమర్చి, మడిచి మొలలో పెట్టుకునే పనిముట్లు దక్షిణ భారతదేశం నుంచి సేకరించినవి మ్యూజియాల్లో కనిపిస్తాయి. ఒకవైపు రాయడం, మరోవైపు కోయడం, పని అయ్యాక మడిచేయడం. రోజూ వెంట తిప్పుకునే చాకుకు ఉండాల్సిన లక్షణాలన్నీ కరణం గంటంలో అప్పటికే ఉన్నాయి. ఈ సంగతికి చాకుల చరిత్ర పుస్తకాల్లో ఇంతకంటే పెద్ద చోటు దక్కాలి.

కొనేముందు, కొన్నాక

అంగట్లో చేయగలిగిన పరీక్షలు చిన్నవే, కానీ చాలావరకు అవే తేలుస్తాయి. చాకు మూసి వెలుతురుకు పెట్టాలి. బ్లేడు పిడి మధ్యలో ఉండాలి, ఒకవైపు రేకుకు ఒరుసుకోకూడదు. తెరిచి, మొనను రెండు వేళ్ళతో పట్టుకుని పక్కలకు ఊపాలి. తర్వాత పైకీ కిందికీ ఊపాలి. పక్కలకు కదిలితే మర బిగిస్తే సరిపోవచ్చు, పైకీ కిందికీ కదిలితే లాకే సరిగా కూర్చోలేదని అర్థం, దాన్ని అక్కడే పెట్టేసి రావాలి. లాకు చూడటానికి వెన్నును బల్లకేసి కొట్టేవారు ఉన్నారు. అది మంచి లాకునూ పాడుచేస్తుంది. వేళ్ళు బ్లేడు దారిలో లేకుండా అరచేత్తో పిడి పట్టుకుని, వెన్నును మెల్లగా బలం పెంచుతూ బల్ల అంచుకు ఒత్తితే చాలు. ఆ తర్వాత చేతులు తడిపి, వీలైతే కాస్త సబ్బు రాసుకుని, తెరిచి మూసి చూడాలి. పొడి చేతులతో బాగున్న చాకు ఇక్కడే తేలిపోతుంది.

ప్రయోగశాలల్లో ఈ పరీక్షలకు ప్రమాణాలున్నాయి. అంచు ఎంతకాలం నిలుస్తుందో ఐఎస్ఓ 8442-5 ప్రకారం ఇసుకరేణువులు కలిపిన అట్టను పదేపదే కోయించి కొలుస్తారు. తుప్పుకు అమెరికా ప్రమాణం ఒకటి 5 శాతం ఉప్పునీటిని 35 డిగ్రీల వేడిలో ఎడతెగకుండా పిచికారీ చేయమంటుంది. మన తీరానికి ఆ ఎడతెగని తడి సరిగ్గా సరిపోదు. ఇక్కడ చాకు తడుస్తుంది, ఆరుతుంది, మళ్ళీ తేమ పీలుస్తుంది, ఈ తడీపొడీ ఆటే ఎక్కువ చెరుపు చేస్తుంది.

చవక చాకు అయితే ఇంట్లోనే చూడొచ్చు. లీటరు నీళ్ళలో 35 గ్రాముల ఉప్పు కలిపితే సముద్రపు నీటికి సమానం. చాకు మూసి కీలు భాగాన్ని అందులో ముంచి తీసి, కడగకుండా కిటికీలో పెట్టాలి. మర్నాడు మళ్ళీ ముంచి పెట్టాలి. మూడో రోజు తెరిచి చూస్తే కీలు చుట్టూ, మరల తలల్లో, క్లిప్పు కింద ఏమైందో తెలుస్తుంది. చాలా చాకుల్లో బ్లేడు బాగానే ఉండి, మరలూ స్ప్రింగూ తుప్పు పడతాయి. కంపెనీ బ్లేడు ఉక్కు పేరే గొప్పగా చెక్కుతుంది, లోపలి స్ప్రింగు ఏ ఉక్కో చెప్పదు.

పదును పరీక్షకు వార్తాపత్రిక కాగితం అందరూ వాడతారు. అంగడి నుంచి తెచ్చిన రోజు ఏ చాకైనా కాగితాన్ని కోస్తుంది. దానికంటే పది మోకు ముక్కలు కోసి, ఆ తర్వాత పండిన టమాటా తొక్క మీద బరువు వేయకుండా అంచు ఆనించి లాగడం నిజం చెబుతుంది. తొక్క తెగితే అంచు నిలిచినట్టే.

చట్టం

ఆయుధ చట్టం, 1959 కింద రూపొందిన నియమాలు 9 అంగుళాలకు మించిన పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు బ్లేడు గల కత్తులను ఆయుధాలుగా లెక్కిస్తాయి. ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటికి మినహాయింపు ఉంది. ఏడెనిమిది సెంటీమీటర్ల జేబు చాకు ఈ కొలతకు చాలా లోపల ఉంటుంది. కొన్ని ప్రాంతాల్లో ఇంతకంటే కఠినమైన ఉత్తర్వులున్నాయి. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ప్రకారం బటన్ నొక్కితే స్ప్రింగుతో తెరుచుకునే చాకులు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు నుంచే నిషిద్ధం. బటన్ చాకు ఎక్కడైనా సరే కొనకపోవడమే మంచిది. ఉప్పు గాలికి మొదట చచ్చేది ఆ స్ప్రింగే, పోలీసుల కన్ను మొదట పడేదీ దాని మీదే. పోలీసు నిషేధాజ్ఞలున్న రోజుల్లో, ఎన్నికల సభల్లో, తిరునాళ్ళలో చిన్న చాకు కూడా ఇంట్లో ఉంచాలి. విమానంలో చేతిసంచిలో చాకు కుదరదు, సరుకు సంచిలో వేయాలి. ఓడరేవు, విద్యుత్కేంద్రాల గేట్ల దగ్గర పనికి వెళ్ళేవారు భద్రతా సిబ్బందిని ముందే అడగడం నయం.

పోషణ

ఉప్పునీరు తగిలిన చాకును ముందు మంచినీళ్ళతో కడగాలి, ఆ తర్వాతే నూనె. చాలామంది నేరుగా నూనె వేస్తారు. ఉప్పు నూనె కిందే ఉండిపోయి తన పని చేస్తుంది. కడిగేటప్పుడు నీళ్ళలోనే నాలుగైదుసార్లు తెరిచి మూస్తే కీలులోని ఉప్పు కరుగుతుంది. తెరిచి నీడలో ఆరబెట్టి, కీలులో ఒక చుక్క కుట్టుమిషను నూనె వేస్తే సరి. కొబ్బరినూనె, వేరుశనగ నూనె వేయడం ఇళ్ళలో అలవాటు, కొన్నాళ్ళకు అవి చెడి, జిడ్డుగా మారి ఇసుకను పట్టుకుంటాయి. పండ్లు కోసే చాకుకు ఔషధ దుకాణాల్లో దొరికే లిక్విడ్ పారాఫిన్ వాడొచ్చు.

సానకు రెండు వైపుల సానరాయి ఒకటి చాలు. అంచును రాయికి 15 నుంచి 20 డిగ్రీల కోణంలో ఉంచి, రెండువైపులా సమానంగా లాగాలి. వీధిలో సైకిలు చక్రంతో సాన తిప్పేవారి దగ్గర పెద్ద కత్తులు పట్టించుకోవచ్చు. జేబు చాకు బ్లేడు పల్చన కాబట్టి నిప్పురవ్వలు లేచే వేగానికి క్షణంలో వేడెక్కుతుంది. అంచు దగ్గర నీలిరంగు కనిపించిందంటే ఉక్కు 300 డిగ్రీల దాకా కాగినట్టు, అక్కడ గట్టిదనం పోయినట్టు. ఆ భాగం అరిగిపోయేదాకా పదును నిలవదు. పట్టించక తప్పకపోతే మధ్యమధ్య నీళ్ళలో ముంచమని అడగాలి.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది. చాకులకు ఎక్కువ చెరుపు జరిగేది ఈ సెలవుల్లోనే. చివరి వేట రోజు ఉప్పుతో మూసి సంచిలో పడేసిన చాకు రెండు నెలల తర్వాత బయటికి వచ్చేసరికి బిగుసుకుపోయి ఉంటుంది. అలాంటిదాన్ని బలంగా లాగితే గోటి గాడి దగ్గర బ్లేడు చిట్లవచ్చు, చెయ్యి జారి అంచు మీద పడవచ్చు. గోరువెచ్చని నీళ్ళలో ఒక రాత్రి నాననిచ్చి, కీలులోకి పల్చటి నూనె దించి, కొంచెం కొంచెంగా కదపాలి. కదిలాక మడమ వెనక, లాకు తగిలే చోట గుంటలు పడ్డాయేమో చూడాలి. అంచు మీద గుంటలను సాన తీసేస్తుంది. లాకు తగిలే ముఖం మీద గుంటలుంటే ఆ చాకును లాకు ఉన్నదిగా ఇక లెక్కించకూడదు, పురికొస తెంపడానికి వంటింట్లో పెట్టుకోవచ్చు. మర కీలు ఉన్నదానికి వాషర్లు, మరలు మార్చి మరికొన్నేళ్ళు వాడొచ్చు. రివిట్ కీలు వదులైతే కమ్మరి సుత్తితో ఒకటి రెండుసార్లు బిగించగలడు, ఆ పైన పిడి పగులుతుంది.